పర్లాకిమిడిలో మా ఇల్లు: సున్నం, వెదురు, ఏడు నెలలు

2024 నవంబరు 3న మధ్యాహ్నం మా ఆయన భోజనం చేస్తుంటే గోడ పెచ్చు ఒకటి ఊడి వచ్చి పప్పన్నంలో పడింది. ఆయన దాన్ని తీసి తిప్పి చూశారు. ముందువైపు లేత గులాబీ రంగు, వెనకంతా నల్లటి బూజు. అన్నం అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. మా ఇంటి కథ ఆ కంచం దగ్గర మొదలైంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో పాత ఇల్లు. తాతల నాటి ఇటుక, సున్నపు గార గోడలు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పెంకులు ఎగిరిపోయి, గోడలు మూడు రోజులు వానలో నానాయి. మరుసటి ఏడు పైన రేకులు వేయించి, గోడలు పూర్తిగా ఆరకుండానే ఖరీదైన ఎమల్షన్ రంగు కొట్టించాం. ఇక ప్రతి వానాకాలం అదే తంతు. గోడ పొక్కుతుంది, పొక్కు పగులుతుంది, పెచ్చు రాలుతుంది. 2021లో మళ్ళీ రంగు కొట్టిస్తే మళ్ళీ రాలింది. పాపకి ఆ గదిలో పడుకుంటే తెల్లారేదాకా తుమ్ములే.

పర్యావరణం మీద ప్రేమతో మొదలుపెట్టానని చెబితే అబద్ధం అవుతుంది. తుమ్ములు తగ్గాలి, చేతిలో ఉన్న చీటీ డబ్బు అరవై వేలు దాటకూడదు, అంతే. నవంబరు 10న పీవీసీ ప్యానెల్స్ వేసే ఆయన్ని పిలిపించాం. హాలుకి, రెండు గదులకి కలిపి 74,000 అన్నాడు. "ఒక్కసారి తొడిగేస్తే తేమ కనపడదు మేడమ్" అన్నాడు. కనపడదు అన్నాడు గానీ పోతుంది అనలేదు. మా పిన్ని వాళ్ళింట్లో అవే వేయించుకున్నారు, కరెంటు వైరు కోసం ఒక పలక విప్పితే వెనక గోడంతా బూజు. ఆ వాసన గుర్తొచ్చి వద్దన్నాం.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాను. రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుని "ఎకో ఫ్రెండ్లీ" అని రాసి ఉన్నవన్నీ చూశాను. బాంబూ కర్టెన్లు 2,350, జనపనార బుట్టలు మూడు 1,100. నవంబరు 25న అట్టపెట్టె వచ్చింది. దాని లోపల ఇంకో పెట్టె, దాని లోపల గాలి బుడగల ప్లాస్టిక్ గజాల కొద్దీ. బుట్టల లోపలా ప్లాస్టిక్ అస్తరే. కర్టెన్ అంచున చిన్న చీటీ చదివితే "100 శాతం విస్కోస్" అని ఉంది. వెదురు గుజ్జుని రసాయనాల్లో కరిగించి తీసిన రేయాన్ అన్నమాట. నేను బళ్ళో సైన్సు టీచర్ని. కొనేముందు చదవాల్సింది కొన్నాక చదివాను. పాప ఆ బుడగలు పటపటా నొక్కుతూ రెండు రోజులు ఆడుకుంది, ఆ మూడున్నర వేలకి దక్కిన సంతోషం అదొక్కటే.

నవంబరు 28న మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, పాతపట్నం నుంచి సైకిల్ మీద వస్తాడు. గోడని వేలి కణుపుతో కొట్టి చూశాడు, చెవి ఆనించి విన్నాడు. "ఏటమ్మా, సున్నపు గోడకి ప్లాస్టిక్ రంగేసినారేటి? ఊపిరాడక అదలాగ కక్కుతాంది. సున్నమే ఎయ్యాల" అన్నాడు. నాకు ఉత్సాహం వచ్చి, రేపే వేసేద్దాం అన్నాను. నవ్వాడు. సున్నం ఎమల్షన్ మీద నిలవదట. పాత రంగు మొత్తం గీకి, గార బయటపడ్డాకే వెయ్యాలి.

అసలు ఖర్చు సున్నానిది కాదు, గీకుడుది. ఇద్దరు కూలీలు, మనిషికి రోజుకి 550, తొమ్మిది రోజులు. మొత్తం 9,900. సామాన్లన్నీ నడింట్లో కుప్ప పోసి, వాటి మీద దుప్పట్లు కప్పి, మేం వసారాలో వండుకుని తిన్నాం. గోడ తడుపుతూ గీకమని నేను పట్టుబట్టాను, దుమ్ము లేవకుండా. తలుపుల్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. వాటి మీద మా అత్తగారి పెళ్ళినాటి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు పొరలున్నాయి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? చిన్నపిల్ల ఉన్న ఇంట్లో దాన్ని గరుకు కాగితంతో రుద్ది పొడి చెయ్యడం ఎందుకని అలాగే ఉంచేశాను. తలుపులు ఇప్పటికీ ఆ పచ్చరంగులోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళు "ఇవి మర్చిపోయారా?" అని అడుగుతూనే ఉంటారు.

డిసెంబరు 2న, గీకుడు జరుగుతుండగానే, రోడ్డు పక్క అమ్ముతున్న వెదురు తెరలు నాలుగు కొన్నాను. ఒక్కోటి 450. పచ్చపచ్చగా, వాసన కూడా కమ్మగా ఉన్నాయి. చుట్టి సామాన్ల గదిలో పెట్టాను. ఇవి గుర్తుంచుకోండి.

డిసెంబరు 10న సున్నం తడిపాం. రాతి సున్నం నలభై కిలోలు, కిలో 15 చొప్పున 600. కొట్టు ఆయన "ఇంత సున్నం ఏం చేసుకుంటారమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. మొదట కొంచెం తడిపి చూద్దామని నేను ప్లాస్టిక్ బకెట్లో నాలుగు గడ్డలు వేసి నీళ్ళు పోశాను. మేస్త్రి "అమ్మా అమ్మా" అనేలోపే అది కుతకుతా ఉడికి, బకెట్ అడుగు మెత్తబడి ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇనప డ్రమ్ములోనే చెయ్యాలి, సున్నం నీళ్ళలో వెయ్యాలి గానీ సున్నం మీద నీళ్ళు గుమ్మరించకూడదు, మొహం దూరంగా పెట్టాలి, కంట్లో పడితే చూపుకే ముప్పు. మేస్త్రి తనకి పాత కళ్ళద్దాలు కట్టుకున్నాడు, నాకు మాత్రం దూరం జరగమని కర్ర చూపించాడు.

సున్నం ఎన్నాళ్ళు నానాలి అంటే, "పది రోజులకీ పనవుద్ది. మూడు వారాలుంచితే ఎన్నలాగ వస్తాది" అన్నాడు. వెన్న కోసం ఆగాం. ఆ మూడు వారాలు మొండి గోడల మధ్య కాపురం. మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు ఇంటికి తోలు వలిచేసింది" అని చెప్పేది. ఆవిడన్నదీ నిజమే, ఇల్లు అలాగే ఉంది.

జనవరి 3న మొదటి పూత. ముందు రోజు రాత్రి తుమ్మ జిగురు నానబెట్టాం. సున్నాన్ని పాత పంచెలో వడకట్టి, జిగురు, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపాడు. పలచగా, మజ్జిగ తేటలా ఉంది. గోడని బాగా తడిపి కుంచె తిప్పాడు. ఏమీ కనపడలేదు! తడి గోడ తడి గోడలాగే ఉంది, లోపలి మరకలన్నీ తెలుస్తున్నాయి. సాయంత్రం అత్తయ్య గుమ్మంలో నిలబడి, "తొమ్మిది వేలు పెట్టి గీకించి, కుడితి పూయించావే" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

మర్నాడు పొద్దున్న కొంచెం తెల్లబడింది, మూడో రోజుకి ఇంకొంచెం. అప్పుడు వెలిగింది నాకు. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడుతుందని ఏటా ఏడో తరగతికి చేసి చూపించేది నేనే! గోడ మీద జరిగేదీ అదే. సున్నం ఊరికే ఆరిపోదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పట్టుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది, దానికి రోజులు పడుతుంది. ఇరవై ఏళ్ళుగా చెప్పిన పాఠం నా ఇంట్లోనే నాకు గుర్తు రాలేదు.

మొత్తం మూడు పూతలు. కింద మోకాలెత్తున జాజు (ఎర్రమట్టి రంగు) పట్టీ వేయించాం, పిల్లల కాళ్ళ మరకలు కనపడకుండా. జనవరి 11కి అయిపోయింది. మధ్యలో మేస్త్రి రాని రోజులు తీసేస్తే పని ఆరు రోజులు, మేస్త్రికి 850, సాయానికి వచ్చిన కుర్రాడికి 550, మొత్తం 8,400. జిగురు, జాజు, కుంచెలు 850.

జనవరి 12న, రేపు భోగి అనగా, కిటికీలకి కట్టేద్దామని వెదురు తెరలు తీశాను. చుట్ట విప్పగానే జలజలా ఏదో రాలింది. మొదట గోడ సున్నమే అనుకున్నాను. వేళ్ళ మధ్య నలిపి చూస్తే గోధుమపిండంత మెత్తగా, లేత పసుపుగా ఉంది. బద్దల నిండా గుండుసూది తలంత చిల్లులు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఏదో కొరుకుతున్న చప్పుడు. అత్తయ్య ఒక్క చూపు చూసి, "వానాకాలం వెదురు. పుచ్చింది. ఇంట్లో ఉంచకు, ద్వారబంధాలకి పాకుతుంది" అంది. తెల్లవారుజామున నాలుగింటికి భోగిమంటలో వేశాం. 1,800 రూపాయలు చిటపటలాడుతూ చక్కగా కాలాయి. పండక్కి కిటికీలకి పాత దుప్పట్లే గతయ్యాయి.

కనుమ వెళ్ళాక మేదర్ల వీధికి వెళ్ళాను. అక్కడ చేటలు అల్లే ఒక ముసలాయనకి సంగతి చెబితే, తప్పు అమ్మినవాడిదీ కాదు నీదీ కాదు, కాలానిది అన్నాడు. వానలప్పుడు వెదురులో తీపి ఉంటుందట, దాని కోసమే పురుగు వస్తుందట. మూడు నాలుగేళ్ళు ముదిరిన బొంగుని పుష్యమాసం చివర్లో, అమావాస్యకి ముందు నరికి, నెల రోజులు చెరువులో ముంచాలి. చంద్రుడికీ పురుగుకీ సంబంధం ఏమిటో నాకు తెలీదు గానీ నీళ్ళలో ముంచడం మాత్రం సైన్సే. నానబెడితే వెదురులోని తీపీ, పిండీ చాలావరకు పోతాయి, తినడానికి ఏమీ లేని చోటికి పురుగు ఎందుకొస్తుంది? "ఎప్పుడిస్తావు తాతా?" అంటే వేళ్ళు లెక్కపెట్టి, "ఉగాదికి" అన్నాడు. ఒక్కోటి 900, బజానా 1,500 ఇచ్చి వచ్చాను.

ఆయనకి ఫోన్ లేదు. వెళ్ళి చూసుకోవడమే. జనవరి 29 అమావాస్య, దానికి మూడు రోజుల ముందు నరికించాడు. ఫిబ్రవరిలో ఒకసారి చెరువు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. వెదురు నానుతుంటే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుందని నాకెవరూ చెప్పలేదు. ఈ కంపు మా హాల్లోకి వస్తుందా అని భయం వేసి, బజానా వదులుకుని పారిపోదామా అని కూడా అనుకున్నాను. "ఎండితే పోద్దమ్మా" అన్నాడు. మార్చి మొదటి వారంలో తీసి, ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాడు. ఎండలో పెడితే పగులుతాయట. బద్దలు చీల్చాక నేను పట్టుబట్టి వెలిగారం, బోరిక్ పౌడరు వేడి నీళ్ళలో కలిపి వాటికి పట్టించాను. దానికి 380 అయింది. తాత అది చూసి, "నమ్మకం లేక మందు" అన్నాడు. ఏం చేస్తాం, 1,800 కాలిన చెయ్యి.

ఈ ఎదురుచూపుల మధ్యలోనే సవర గిరిజనుల బొమ్మ సంగతి. తెల్ల గోడ మరీ బోసిగా ఉందని ఫిబ్రవరి 9న గుమ్మ వైపు కొండల్లోకి బండి మీద వెళ్ళాం, మా ఆయనకి తెలిసిన సవరాయన ఒకరు బొమ్మలు వేస్తారని. మా జాజు పట్టీ పైన గోడ మీదే వెయ్యమని అడుగుదామని నా ప్లాను. ఆయనకి తెలుగు కొంచెం, నాకు సవర సున్నా, ఇద్దరికీ ఒడియా అంతంత మాత్రం. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చింది మా ఊళ్ళో ఉండే. నేను అదే ఊళ్ళో పుట్టి పెరిగీ "బాగున్నారా" అని కూడా అనలేకపోయానే అని సిగ్గేసింది.

గోడ మీద అనగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ ఇళ్ళలో గోడ మీద వేసే బొమ్మ అలంకారం కాదట. ఫలానా దేవుడి కోసం, ఫలానా చనిపోయిన పెద్ద కోసం వేస్తారు. ఆ బొమ్మే ఆ దేవుడికి, ఆ పెద్దకి ఇల్లు. "గోడ మీద వేస్తే పిలిచినట్టు. పిలిస్తే పెట్టాలి. మీరు పెడతారా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. గుడ్డ మీద అయితే వేస్తానన్నాడు. మూడడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు, 2,200, అయిదు వారాలు. బేరం ఆడబుద్ధి కాలేదు.

మార్చి 16న తెచ్చుకున్నాం. ముందు చుట్టూ అంచు గీసి లోపలికి నింపుకుంటూ వస్తారు కాబట్టి ఎక్కడా ఖాళీ అనిపించదు. పైన సూర్యుడు, చంద్రుడు, ఏనుగు, గుర్రం మీద మనిషి, జీలుగు చెట్టెక్కి కల్లు దించుతున్నవాడు, వరసగా చేతులు కలిపి ఆడుతున్న ఆడవాళ్ళు. కింద ఎడమ మూలన చూస్తే ఒక స్కూటరు! దాని మీద వెనకాల జడ ఉన్న మనిషి. నేనే. అది చూసి మా పాప ఎంత నవ్విందో. ఇంటికి వచ్చినవాళ్ళలో సగం మంది దాన్ని మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మ అంటారు. సరిచెయ్యడం మొదట్లో సరదాగా ఉండేది, ఇప్పుడు పాపకి అప్పగించాను. ఫ్రేము కొట్టులో అద్దం బదులు ఫైబర్ షీటు వెయ్యమని గొడవ. మా ఇంట్లో విరిగిపడున్న పాత కిటికీ టేకు చట్రాన్ని కోయించి, అద్దంతో కట్టించాను. కోతకీ అద్దానికీ కలిపి 650.

మామయ్యగారి పడక కుర్చీకి పేము మళ్ళీ అల్లించడం 1,400. అది పెద్ద కథేమీ కాదు, ఇచ్చిన మూడో రోజుకి వచ్చింది. ఈ ఏడు నెలల్లో వారాల తరబడి ఎదురుచూడకుండా వచ్చినది అదొక్కటే. అటక మీది ఇత్తడి బిందెలు చింతపండుతో తోమి పెట్టాం, ఖర్చు నా భుజం నొప్పి.

కర్టెన్లు అత్తయ్య పాత నూలు చీరలతో కుట్టించాను. ఆరు చీరలు ఇచ్చింది. కుంకుమ రంగు పొందూరు చీర ఒకటి పెట్టెలో అడుగున ఉంటే, దాని అంచు హాలుకి ఎంత బాగుంటుందో అని చెయ్యి వేశాను. చేతిలోంచి లాక్కుంది. "అది తెరలకి కాదు" అంది. మామయ్యగారు కొన్న చీరట. నేనింక అడగలేదు. కుట్టు కూలి 480.

తాత మాట తప్పలేదు. మార్చి 24న నాలుగు తెరలూ భుజం మీద మోసుకొచ్చి తనే కట్టాడు. వాసన నిజంగానే పోయింది, ఎండుగడ్డి వాసనలాంటిది మాత్రం మిగిలింది. మిగతా 2,100 లెక్క చూసుకుని, ఉగాది పచ్చడికి రానని చెప్పి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఇప్పటికీ రోజూ ఊడ్చేటప్పుడు కిటికీ కింద వంగి చూస్తాను, పసుపు పొడి ఏమైనా రాలిందా అని. జూన్ దాకా రాలలేదు.

అన్నీ కలిపితే 33,710. అందులో కాలిపోయిన తెరలూ, ఆ విస్కోస్ కర్టెన్లూ, బుట్టలూ కూడా ఉన్నాయి. పాప తుమ్ములు పూర్తిగా పోలేదు, పొద్దున్న రెండు మూడు వస్తాయి. తెల్లారేదాకా మాత్రం లేవు.

ఎవరూ ముందు చెప్పనిది ఇంకొకటి ఉంది. సున్నపు గోడకి ఆనుకుంటే తెల్లగా అంటుకుంటుంది. జిగురు వేసినా సరే. మా ఆయన ఆఫీసు చొక్కాల వీపులు, పాప యూనిఫాం, అన్నిటికీ. మేస్త్రిని అడిగితే, "గోడకి ఆనుకోకండమ్మా" అన్నాడు.

జూన్ 8 రాత్రి మొదటి పెద్ద వాన. నేను పన్నెండింటికి లేచి టార్చి వేసి ఉత్తరం గోడ చూశాను. తుఫాను నాటి తడి మరక మళ్ళీ పైకి వచ్చింది, చాప అంత మేర నల్లబడింది. మళ్ళీ మొదటికొచ్చిందా అని గుండె ఝల్లుమంది. తెల్లారేసరికి అది సగానికి తగ్గింది, సాయంత్రానికి మళ్ళీ తెల్ల గోడ. చెయ్యి పెట్టి చూశాను. పొక్కు లేదు, పెచ్చు లేదు.

నాలుగు రోజుల తర్వాత బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య మంచం మళ్ళీ ఆ ఉత్తరం గోడ పక్కకి వచ్చి ఉంది, తిత్లీకి ముందు ఉండే చోటికి. గోడకి రెండు మేకులు కొట్టి, మంచం పొడుగునా కుంకుమ రంగు పొందూరు చీర కట్టి ఉంది. నేను చీర వైపూ, ఆవిడ వైపూ చూశాను.

"వీపుకి సున్నం అంటుతోంది కదే" అంది అత్తయ్య, దానికి ఆనుకుని కూర్చుంటూ.